హెరిబెర్టో ఎడమ కాలు

నిలబడి చూసినందుకు హెరిబెర్టో మొహం పగిలింది.

వాడు చూసింది తను కొట్టిన బంతినే. ఎదుటి జట్టు మారో క్రీక్ వాళ్ళ పిచర్ విసిరిన బంతిని కంచె అవతల టైర్ల దుకాణం కప్పు మీదికి పంపాడు. మా బేస్‌బాల్ ఆటలో కంచె దాటించినవాడు తల వంచుకుని నాలుగు మూలల్లోని బేసులూ చుట్టి రావాలి. ఎగిరిపోయే బంతిని నిలబడి చూడకూడదు. చూస్తే విసిరినవాడి మొహాన ఉమ్మేసినట్టే. ఈ సంగతి ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు కానీ, మా ఊరు బెల్‌ఫోర్డ్‌లో గేటు దగ్గర ఉడకబెట్టిన వేరుశనగలు అమ్మే ముసలామెకి కూడా తెలుసు. హెరిబెర్టోకీ తెలుసు. తెలిసే నిలబడ్డాడు. బ్యాటు చేతిలో పట్టుకుని, నోరు తెరుచుకుని, రంగులరాట్నం చూసే పిల్లాడిలా నిలబడ్డాడు.

"పరిగెత్తరా గాడిదా!" అని ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌లోంచి గొంతు చించుకున్నాను. అప్పుడు పరిగెత్తాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. బంతి విసిరే మట్టిదిబ్బ మీద ఆ పిచర్ వాడి వంకే చూస్తున్నాడు. విసిరినవాడి పేరు కోల్ట్ రాన్స్‌డెల్, టెక్సస్ వాడు. తలుపంత మనిషి.

మళ్ళీ హెరిబెర్టో బ్యాటు పట్టుకుని వచ్చినప్పుడు మొదటి బంతే మొహానికి వచ్చింది.

బంతి హెల్మెట్‌కి తగిలితే ఠప్పుమని మోగుతుంది. వీపుకి తగిలితే పరుపు దులిపినట్టుంటుంది. చెంప ఎముకకి తగిలితే వచ్చే చప్పుడు చాలా చిన్నది, ఎండుపుల్ల విరిగినట్టు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఆటలో ఉన్నాను, ఆ చప్పుడుకి ఇంకా అలవాటు పడలేదు. హెరిబెర్టో మోకాళ్ళ మీద కూలబడి, కన్ను జారిపోతుందేమో అన్నట్టు అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం బ్యాటర్ పక్కన నేలలో ఉండే తెల్లటి ప్లేటు మీద ధార కట్టింది. కేక కూడా పెట్టలేదు వాడు.

మేమందరం పరిగెత్తాం. అదీ మా కట్టుబాటే. మైదానంలో కొట్లాట మొదలైతే డగౌట్‌లో ఒక్కడు కూడా కూర్చోకూడదు. కాలు విరిగినవాడైనా కుంటుకుంటూ వెళ్ళాలి. ఎవర్నీ కొట్టకపోయినా ఫరవాలేదు, వెళ్ళాలి. కూర్చున్నవాడితో మర్నాటి నుంచి ఎవరూ మాట్లాడరు. మా క్యాచర్ గోర్డీ వెళ్ళి రాన్స్‌డెల్‌ని దిబ్బ మీదే కింద పడేసి మొహం మీద పిడిగుద్దులు కురిపించాడు. వాళ్ళవాళ్ళు గోర్డీని మెడ పట్టి లాగారు. నేను ఎవడిదో చొక్కా పట్టుకున్నాను. ఎవడి మోచెయ్యో నా మూతికి తగిలి పెదవి చిట్లింది.

మర్నాడు మా పిచర్ బంతి వేసి వాళ్ళ బ్యాటర్ పక్కటెముకలు పగలగొట్టాడు. దాంతో ఆ గొడవ తీరిందని రెండు టీములూ అనుకున్నాయి. హెరిబెర్టోకి మాత్రం అప్పుడే మొదలైంది.

నా పేరు లెస్టర్ క్వార్ల్స్. బెల్‌ఫోర్డ్ మ్యూల్స్‌లో కుర్రాళ్ళకి బ్యాటింగ్ నేర్పుతాను. మ్యూల్స్ అంటే కంచరగాడిదలు. పేరుకి తగ్గట్టే బస్సుల్లో పడి ఊళ్ళమ్మట తిరుగుతాం, పెట్టింది తింటాం. పెద్ద క్లబ్బు మాకు కుర్రాళ్ళని పచ్చికాయలుగా పంపిస్తుంది. పండితే పైకి పోతారు, కుళ్ళితే ఇంటికి పోతారు. నేను నేర్పేదంతా ఒక్క మాటలో చెప్పొచ్చు. బంతి ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడికే పంపు. "విసిరినవాడి గొంతుకి గురిపెట్టరా!" అని రోజంతా అరుస్తూనే ఉంటాను. గొంతుకి గురిపెట్టినవాడి బ్యాటు తిన్నగా వస్తుంది. పక్కకి గురిపెట్టినవాడు పక్కకే పోతాడు. ఇందులో మర్మం ఏమీ లేదు.

నేను చూసిన చేతుల్లో హెరిబెర్టో చేతులంత మంచివి లేవు. చెరకు తోటల్లో పుట్టాడు, దోమినికన్ దేశంలో. కర్రతో సీసా మూతలు కొడుతూ పెరిగాడు. గాల్లో వంకరలు తిరిగే సీసా మూతని కొట్టగలిగినవాడికి బంతి ఒక లెక్కా? మొదటిరోజు వాడు కొట్టిన చప్పుడు విని నేను తాగుతున్న కాఫీ కింద పెట్టేశాను. "ఏం తాతా, దెయ్యాన్ని చూశావా?" అని నవ్వాడు. అప్పటినుంచీ నన్ను తాతా అనే పిలుస్తాడు. నాకు మనవలు లేరు. ఆ పిలుపు నాకు ఎంత బాగుండేదో వాడికి ఎప్పుడూ చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతాడని.

వాడు చెంపలో ఇనపరేకు వేయించుకుని తిరిగొచ్చాడు. మొహం బాగానే అతుక్కుంది. కాలే పాడైపోయింది.

కుడిచేతి వాటం బ్యాటర్ ఎడమ కాలు పిచర్ వైపు తిన్నగా పడాలి. భయపడ్డవాడి కాలు పక్కకి, ప్లేటుకి దూరంగా పోతుంది. మనసు ఉందామంటుంది, కాలు పోదామంటుంది. కాలు పోతే నడుం పోతుంది, నడుం వెంట చేతులు పోతాయి, బ్యాటు గాలిని కొడుతుంది. ఈ కబురు లీగంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. ప్రతి పిచరూ వాడి గడ్డం కింద ఒక బంతి వేసి భయపెట్టేవాడు, తర్వాత దూరంగా మూడు వేసి అవుట్ చేసేవాడు.

పెద్ద క్లబ్బులో కుర్రాళ్ళ వ్యవహారం చూసే డన్ అనే ఆయన వచ్చి ఒక ఆట చూశాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు.

"సీజన్ అయ్యేలోగా ఆ కాలు కుదురుకోవాలి, లెస్టర్. లేకపోతే పంపించేద్దాం."

"వాడికి ఇరవై ఏళ్ళండీ. ఇంకో పని చేతకాదు. ఆ తోటల్లోకి మళ్ళీ పోయి కత్తి పట్టుకోవాలి."

"అందుకే కుదర్చమంటున్నా. నాకు వాడంటే కోపమా?"

కోపం లేనివాళ్ళతోనే నాకు భయం. కోపం ఉన్నవాడితో అయితే పోట్లాడొచ్చు.

నాకు తెలిసిన మందు ఒక్కటే, దెబ్బకి దెయ్యం దిగివస్తుంది. మధ్యాహ్నం ఎండలో, ఎవరూ లేనప్పుడు, వాణ్ణి సాధన చేసే వలల పంజరంలోకి తీసుకెళ్ళేవాణ్ణి. ఎడమ మడమ పక్కన ఒక బ్యాటు పడుకోబెట్టేవాణ్ణి. కాలు పక్కకి పోతే ఆ బ్యాటు మీద పడి దొర్లుతుంది, వాడు నేల కరుస్తాడు. ఎన్నిసార్లు పడ్డాడో. మోచేతుల తోలు లేచిపోయింది. తర్వాత దెబ్బ తినడం నేర్పాను. దెబ్బ తినడానికీ ఒక పద్ధతి ఉంది. వెనక్కి దూకకూడదు. భుజం లోపలికి తిప్పి, గడ్డం దాచుకుని, వీపు అప్పగించాలి. నేను దగ్గర నుంచి నిజం బంతులతోనే కొట్టేవాణ్ణి. వీపంతా నేరేడుపళ్ళు చిదిపినట్టు తేలింది.

"తాతా, నీకు ఇంట్లో కొట్టుకోవడానికి ఎవరూ లేరా?" అన్నాడు ఒకరోజు, పళ్ళు బిగబట్టి.

"మాట్లాడకు. తిరుగు."

"మా అమ్మమ్మ కూడా ఇలాగే కొట్టేది. కానీ ఆవిడ తర్వాత అరటికాయ ముద్ద పెట్టేది."

"కాలు నిలబెట్టు, ఊరంతటికీ పెడతా."

కాలు నిలబడలేదు.

సరిగ్గా అప్పుడే గోరుచుట్టు మీద రోకటి పోటు పడింది. మా పెద్ద క్లబ్బూ, మారో క్రీక్ వాళ్ళ పెద్ద క్లబ్బూ ఏదో బేరమాడుకున్నాయి. ఒక పొద్దున్న మా బట్టలు మార్చుకునే గదిలోకి, సంచీ భుజాన వేసుకుని, తలుపంత మనిషి ఒకడు వచ్చాడు. రాన్స్‌డెల్. ఇకనుంచి మావాడు.

గది చల్లబడిపోయింది. ఖాళీగా ఉన్న లాకరు హెరిబెర్టో లాకరు పక్కనే. రాన్స్‌డెల్ సంచీ కింద పెట్టాడు. హెరిబెర్టో వీపు తిప్పుకుని, వేయించిన సలామీ ముక్క నములుతూ కూర్చున్నాడు. ఆ చెంపతో నెమ్మదిగా నమలాలి వాడు.

గోర్డీ లేచాడు. వాడితో ఇంకో ఇద్దరు. రాన్స్‌డెల్‌ని చొక్కా పట్టుకుని స్నానాల గదిలోకి ఈడ్చుకెళ్ళారు. నేను గడపలో నిలబడి చూశాను. తలని పలకల గోడకేసి కొట్టారు. కడుపులో మోకాళ్ళతో పొడిచారు. వాడు తల్చుకుంటే ముగ్గుర్నీ ఎత్తి పడేయగలడు, చెయ్యి ఎత్తలేదు. చివరికి గోర్డీకే విసుగేసింది. "ఇదేంట్రా, బస్తాని కొట్టినట్టుంది" అని చేతులు తుడుచుకుంటూ వచ్చేశాడు.

సాయంత్రం రాన్స్‌డెల్ నా దగ్గరికి వచ్చాడు. పెదవి చిట్లి ఉంది.

"కోచ్, ఆ కుర్రాడికి నేను బంతులు వేస్తా."

"ముందు వాడికి సారీ చెప్పు."

"చెప్పను. లోపలికి, ఒంటి మీదికి వేసిన బంతికి ఏ పిచరూ సారీ చెప్పడు, మీకు తెలియదా? చెబితే మొహం మీదికి కావాలని వేసినట్టు అవుతుంది. నేను వేసింది వాడి భుజానికి. అది పైకి జారింది."

"భుజానికి మాత్రం కావాలనే వేశావు."

"వాడు నిలబడి చూశాడు కోచ్!"

ఇదీ మా జనం. ఎముక పగలగొట్టినా నిద్రపడుతుంది, సారీ అంటే మాత్రం పరువు పోతుంది. కానీ వాడి కళ్ళు చూస్తే నిద్రపోతున్నవాడిలా లేడు. సరే, రేపు మధ్యాహ్నం రా అన్నాను. ఏ చేతి వల్ల భయం పట్టుకుందో ఆ చేతే వదిలించాలి అనిపించింది నాకు.

హెరిబెర్టోకి చెబితే ఒప్పుకోడనుకున్నాను. "వాడా? రమ్మను" అని మాత్రం అన్నాడు. బ్యాటు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

ఇలాంటి సాధనలో పిచర్ ముందు ఒక తెర పెడతాం, ఇనపచట్రానికి బిగించిన వల. కొట్టిన బంతి తిన్నగా తిరిగొస్తే వాణ్ణి కాపాడేది అదే. రాన్స్‌డెల్ ఆ తెర వెనకనుంచి వేశాడు. మొదటి బంతికి కాలు పక్కకి పోయింది. రెండోదానికీ పోయింది. ఎన్ని వేసినా అంతే. హెరిబెర్టో తన తొడ మీద తనే పిడికిలితో గుద్దుకున్నాడు. "కదలకు, లంజాకొడకా, కదలకు!" అని కాలిని తిట్టాడు. కన్నీళ్ళు కారుతున్నాయి. సంగతి తెలిసి చుట్టూ చేరిన కుర్రాళ్ళు చూపులు తిప్పుకున్నారు.

రాన్స్‌డెల్ అది చూశాడు. నాలుగడుగులు ముందుకొచ్చి ఆ తెరని ఒక్క తన్ను తన్నాడు. అది వెల్లకిలా పడింది.

"తెర పెట్టరా!" అని అరిచాను.

"వాడికి లేదుగా తెర. నాకెందుకు?"

హెరిబెర్టో తలెత్తి చూశాడు. ఇద్దరి మధ్యా ఇప్పుడు గాలి తప్ప ఏమీ లేదు. వచ్చినప్పటినుంచీ వాళ్ళు ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ తన్నే మొదటి మాట.

రాన్స్‌డెల్ చెయ్యి తిప్పి బలంగా వేశాడు. బంతి లోపలికి, రొమ్ము మీదికి వస్తోంది. నేను కాలునే చూస్తున్నాను. ఎడమ కాలు లేచింది, తిన్నగా ముందుకి వెళ్ళింది, దిగింది, నేలలో పాతుకుంది. నా గుండె ఎగిరింది. ఆ పైన ఏం జరిగిందో నేను చూడలేదు, విన్నాను. ముందు బ్యాటు చప్పుడు, ఆ మొదటి రోజున విన్నంత చక్కటి చప్పుడు. వెంటనే ఇంకొకటి, ఎండుపుల్ల విరిగినట్టు.

రాన్స్‌డెల్ మొహాన రెండు చేతులూ పెట్టుకుని బోర్లా పడ్డాడు. వెళ్ళి తిప్పేసరికి దవడ పక్కకి వేలాడుతోంది. నోట్లోంచి రక్తంతో పాటు పళ్ళు నా అరచేతిలోకి వచ్చాయి. కాళ్ళు మట్టిలో తన్నుకుంటున్నాయి. నా చొక్కా విప్పి గడ్డం కింద కుక్కాను.

హెరిబెర్టో వాళ్ళ భాషలో ఏదో కేకలు పెడుతూ ప్లేటు దగ్గరే తల నేలకేసి కొట్టుకుంటున్నాడు. గోర్డీ వెళ్ళి వాడి వీపు చరిచాడు.

"సెబాష్‌రా! కుక్క కాటుకి చెప్పుదెబ్బ! మేం ముగ్గురం చెయ్యలేనిది ఒక్కడివి చేశావు."

హెరిబెర్టో లేచి గోర్డీ ముక్కు మీద గుద్దాడు. గోర్డీ కింద పడితే మీద కూర్చుని మళ్ళీ గుద్దాడు. నలుగురు పట్టి లాగితే గానీ వదల్లేదు. "నేను వాణ్ణి కొట్టలేదు! బంతిని కొట్టాను! బంతిని!" అని అరుస్తూనే ఉన్నాడు. ఎవరూ నమ్మలేదు. మారో క్రీక్ దాకా పాకిన కబురు కూడా, మ్యూల్స్ కుర్రాడు పగ తీర్చుకున్నాడనే.

అప్పటినుంచీ హెరిబెర్టో ఎడమ కాలు కదల్లేదు. రాయిలా నిలబడింది. కానీ బంతి మధ్యకి, విసిరినవాడి వైపు మాత్రం వెళ్ళదు. ఎంత మంచి బంతి వచ్చినా ఆఖరి క్షణంలో మణికట్టు తిప్పి పక్కకి తోసేస్తాడు, గీతల బయటికి, జనంలోకి. ఇదివరకు తన మొహం గురించి భయం. ఇప్పుడు ఎదుటివాడి మొహం గురించి.

"గొంతుకి గురిపెట్టరా!" అన్నాను అలవాటుగా.

వాడు బ్యాటు కింద పడేశాడు. "తాతా, ఆ మాట అనకు. నీ కాళ్ళు పట్టుకుంటా, అనకు."

"ఆ మాట అనకపోతే నేనేం నేర్పను? ఆట మానేసి సన్యాసుల మఠంలో చేరు!" అని మండిపడ్డాను. ఇన్నేళ్ళలో పిరికివాళ్ళని చూశాను, సోమరుల్ని చూశాను, తాగుబోతుల్ని చూశాను. జాలి పట్టుకున్న బ్యాటర్‌ని మాత్రం మొదటిసారి చూస్తున్నాను. దానికి నా దగ్గర మందు లేదు.

రాన్స్‌డెల్ దవడకి తీగలు బిగించుకుని ఆసుపత్రి నుంచి తిన్నగా మా డగౌట్‌కి వచ్చాడు. నోరు తెరుచుకోదు. స్ట్రాతో మిల్క్‌షేక్ పీలుస్తాడు, పళ్ళ సందుల్లోంచి మాట్లాడతాడు. వచ్చి హెరిబెర్టో పక్కన కూలబడ్డాడు. హెరిబెర్టో లేచిపోబోతే చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

"ఎక్కడికి? కూర్చో. నీ వల్ల పది పౌన్లు తగ్గాను. మా అమ్మ ఎప్పట్నుంచో తగ్గమంటోంది."

"కోల్ట్, నేను..."

"సారీ అన్నావంటే ఈ షేకు నీ నెత్తిన పోస్తా. మంచి బంతి వేశాను, మంచిగా కొట్టావు. ఇంకేం లేదు. ఆ పక్కలకి తోసే ముసలమ్మ దెబ్బలు మానెయ్. చూడలేకపోతున్నా."

హెరిబెర్టో నవ్వలేదు. కానీ లేచిపోలేదు కూడా. ఆ రోజునుంచీ ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మొద్దుబారాక ఇముడుతాయి కాబోలు.

ఆఖరి ఆట ఆదివారం మధ్యాహ్నం, మా ఊళ్ళోనే, మారో క్రీక్ వాళ్ళతోనే. డన్ ప్లేటు వెనక వరసలో, అదే ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. మొదటినుంచీ మారో క్రీక్ వాళ్ళు హెరిబెర్టోని బూతులు తిడుతూనే ఉన్నారు. రాన్స్‌డెల్ నిన్నమొన్నటిదాకా వాళ్ళవాడు కదా. వాడి మొహం పగలగొట్టినవాణ్ణి ఊరికే వదులుతారా? ఒక బంతి పక్కటెముకల్లో దిగింది. హెరిబెర్టో నేను నేర్పినట్టే వీపు తిప్పి తిన్నాడు, ఆ దెబ్బకి దక్కిన ఫస్ట్ బేస్‌కి నడిచాడు. మిగతా రెండుసార్లూ పక్కలకి తోసి అవుటయ్యాడు. డన్ మొహంలో ఏమీ లేదు.

ఆట చివరికొచ్చింది. మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. గోర్డీ మూడో బేసు మీద ఉన్నాడు. ఇంకొక్కడు అవుటైతే ఆట అయిపోతుంది. బ్యాటు పట్టుకుని వెళ్ళాల్సింది హెరిబెర్టో.

దిబ్బ మీద కొత్త పిచర్, నూనూగు మీసాలవాడు, పాలబుగ్గలవాడు. పేరు వెస్లీ ట్రాస్క్ అని స్పీకర్లో చెప్పారు. హెరిబెర్టో డగౌట్ మెట్లెక్కుతుంటే రాన్స్‌డెల్ వెనకనుంచి మోకాలితో పొడిచాడు.

"మధ్యకి కొట్టు. వాడికి చేతులున్నాయి, గ్లవుజు ఉంది. వాణ్ణి వాడు చూసుకుంటాడు. నిన్ను నువ్వు చూసుకో."

హెరిబెర్టో నా వంక చూశాడు. నేను ఈసారి గొంతు మాట ఎత్తలేదు.

మొదటి బంతి గడ్డం కిందకి వచ్చింది. తల తిప్పి వదిలాడు, కాలు కదల్లేదు. రెండోది నడుము ఎత్తులో, ప్లేటు మధ్యలోకి వచ్చింది. అన్నప్రాశన ముద్దలాంటి బంతి. ఎడమ కాలు ముందుకెళ్ళి దిగింది. ఈసారి మణికట్టు తిరగలేదు.

నా ముప్ఫై ఏళ్ళలో అంత తిన్నగా కొట్టిన దెబ్బ చూడలేదు. బంతి భుజాల ఎత్తులో దిబ్బ మీదికి దూసుకెళ్ళింది. ట్రాస్క్ తల వంచి పడిపోయాడు. టోపీ ఎగిరిపోయింది. బంతి వాడి జుట్టు మీదుగా పోయి మైదానం నడుమ పడి దొర్లింది. గోర్డీ కేకలు పెడుతూ ప్లేటువైపు పరిగెత్తాడు. హెరిబెర్టో ఫస్ట్ బేస్ తొక్కితే చాలు. ఆట సమమవుతుంది, డన్ చూస్తున్నాడు, వాడి బతుకు నిలబడుతుంది. నేను రెండు చేతులూ ఎత్తాను.

వాడు పరిగెత్తలేదు. నిలబడి చూశాడు.

చూసింది బంతిని కాదు. దిబ్బ మీద బోర్లా పడి ఉన్న కుర్రాణ్ణి, దూరంగా పడిన టోపీని. ట్రాస్క్ కదలడం లేదు.

"పరిగెత్తరా!" అన్నాను. డగౌట్ అంతా అదే మాట అరిచింది. హెరిబెర్టో బ్యాటు వదిలేసి పరిగెత్తాడు. తిన్నగా దిబ్బ మీదికి.

మా ఆటలో బ్యాటర్ దిబ్బ మీదికి పరిగెత్తుతున్నాడంటే దానికి ఒకటే అర్థం. అది కొట్లాట. ఇంకో అర్థం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ట్రాస్క్ తల ఎత్తేసరికి తన మీదికి వంగిన మనిషి కనిపించాడు, రాన్స్‌డెల్ దవడ పగలగొట్టినవాడు. హెరిబెర్టో చెయ్యి చాపాడు, లేవదీయడానికి. ట్రాస్క్ లేస్తూనే ఆ చెంప మీద, ఇనపరేకు ఉన్న చెంప మీద, ఒళ్ళంతా బలం పెట్టి గుద్దాడు.

వెనకనుంచి వాళ్ళ క్యాచర్ వచ్చి హెరిబెర్టో నడుము మీద పడ్డాడు. వాళ్ళ డగౌట్ ఖాళీ అయింది. మాదీ ఖాళీ అయింది. మైదానం నడుమ నుంచి విసిరిన బంతి ఫస్ట్ బేస్‌కి చేరడం, అంపైర్ చెయ్యెత్తడం నా కంటి చివర్న కనిపించాయి. అవుట్. బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరకుండా అవుటైతే గోర్డీ పరుగు చెల్లదు. ఆట పోయింది. నేను పరిగెడుతూనే ఉన్నాను.

దిబ్బ మీద మనుషులు కుప్పగా పడ్డారు. మేకుల బూట్లు, మోచేతులు, పిడికిళ్ళు. కుప్ప అడుగున హెరిబెర్టో. ఎవడో వాడి వీపు మీద బూటుకాలితో తొక్కుతున్నాడు, నేను నల్లగా కమిలేలా కొట్టిన ఆ వీపు మీదే. నేను ఒకడి జుట్టు పట్టుకుని లాగాను, వాడు నా పొట్టలో తన్నాడు. ఊపిరాడక మోకాళ్ళ మీద పడ్డాను. అప్పుడు నన్ను దాటుకుని ఒక తలుపంత మనిషి పోయాడు, కాళ్ళకి రబ్బరు చెప్పులతో. దవడ తీగలు ఊడితే ఇంక అతుక్కోదని డాక్టర్లు చెప్పి పంపిన మనిషి. నిన్నటి స్నేహితుల్ని అటొకణ్ణీ ఇటొకణ్ణీ విసిరేసి హెరిబెర్టో మీద బోర్లా పడుకున్నాడు. కుర్రాడి తలని తన చేతుల్లో దాచాడు. గుద్దులన్నీ వాడి వీపు మీద పడ్డాయి. పళ్ళ సందుల్లోంచి వాడు ఒకటే మాట అంటున్నాడు.

"ఎందుకు పరిగెత్తలేదురా? పిచ్చివెధవా, ఎందుకు పరిగెత్తలేదు?"

పోలీసులొచ్చి విడదీశాక డన్ నన్ను లోపలికి పిలిచాడు.

"ఆ కాలు చూశారా?" అన్నాను. చొక్కా నిండా రక్తం, ఎవరిదో తెలియదు. "ఆ దెబ్బ చూశారా? అలాంటి దెబ్బ కొట్టేవాడు ఇంకొకణ్ణి చూపించండి!"

"చూశాను. కాలు కదల్లేదు. ఫస్ట్ బేస్‌కి కదలాల్సింది, అప్పుడూ కదల్లేదు."

"వాడు ఆ కుర్రాడు చచ్చిపోయాడనుకున్నాడు!"

"అదే చెబుతున్నా. పైన వీళ్ళకంటే గట్టిగా వేస్తారు, గట్టిగా కొడతారు. అక్కడ ప్రతిసారీ ఆగి చూస్తే ఏమవుతాడు? నీకూ తెలుసు, లెస్టర్."

నేను కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టాను. కాళ్ళు విరిగాయి. డన్ కోప్పడలేదు. ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. అందుకే కుర్చీని కొట్టాను.

మర్నాడు పొద్దున్న కార్లు నిలిపే చోట రాన్స్‌డెల్ ట్రక్కు ఆగి ఉంది. హెరిబెర్టోని విమానం దాకా తనే దింపుతానన్నాడు. హెరిబెర్టో చెంప మీద కొత్త కుట్లు, కన్ను మూసుకుపోయి ఉంది. వాడి చేతిలోనూ మిల్క్‌షేక్, స్ట్రా. ఇద్దరూ నమలలేని మనుషులు. తన బ్యాట్లు మా కుర్రాళ్ళకి పంచేశాడు. వెళ్ళిపోయేవాడు అలాగే చేస్తాడు. గోర్డీ కూడా ఒకటి తీసుకున్నాడు, ముక్కు చీదుకుంటూ.

నేను ఏం చెప్పాలో తెలియక ట్రక్కు టైరుని తన్నాను.

"తాతా, ఒక్క మాట అడుగుతా. నిజం చెప్పు."

"అడుగు."

"ఆఖరి బంతికి కాలు కదిలిందా?"

"ఎడమ కాలా?"

"మరి ఏ కాలు? ఇన్నాళ్ళూ నన్ను చంపింది ఏ కాలు కోసం?"

"కదల్లేదురా. మేకు కొట్టినట్టు నిలబడింది."

"ఊరికే అనడం లేదుగా?"

"నిన్ను నేనెప్పుడైనా ఊరికే మెచ్చుకున్నానా?"

"లేదు" అన్నాడు. నవ్వబోతే కుట్లు లాగి మొహం వంకరపోయింది. లోపలినుంచి రాన్స్‌డెల్ హారన్ కొట్టాడు. వాడు షేకు ఒలక్కుండా జాగ్రత్తగా పట్టుకుని, ముందు ఎడమ కాలు పెట్టి, ట్రక్కు ఎక్కాడు.

నాకు ఏడుపొచ్చింది. ఎవరైనా చూస్తారని బంతులు ఏరుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాను.